గాజుపట్టీ

ఇంజనీరొచ్చి బీటకి అడ్డంగా
వేలెడంత గాజుపట్టీ అంటించాడు,
రెండు చివర్లా రెండు సిమెంటు ముద్దలు.
గోడ కదిలితే గాజు పగులుతుందట,
పగలకపోతే అది పాత దెబ్బేనట.
చేతులు కడుక్కుని కూర్చుని
కాఫీగ్లాసు బల్లమీద పెట్టాడు.
అది తనంత తనే రవ్వంత తూర్పుకి జరిగింది.
ఆయన చూళ్లేదు.

మా ఇంట్లో అన్నీ తూర్పుకే పోతాయి.
నిమ్మకాయ, పాప గోలీ,
గ్రైండరు కింద ఒలికిన పిండినీళ్లు.
గృహప్రవేశంనాడు పాలు కూడా తూర్పుకే పొంగాయి.
శుభం, శుభం అన్నారు ముత్తయిదువలు.
నేనూ అన్నాను.

రొయ్యల చెరువు పూడ్చి మెరక చేసిన ప్లాట్లివి,
ఆకివీడు రోడ్డులో.
బ్రోచర్లో కొబ్బరిచెట్లున్నాయి, చెరువు లేదు.
చెరువు మాత్రం మర్చిపోలేదు తను చెరువునని.

వేసవిలో కాలవ కట్టేస్తే నేల బిగుసుకుని
బీట నోరు తెరుస్తుంది, పది రూపాయల బిళ్ల దూరుతుంది.
నీళ్లొదిలాక నేల ఉబ్బి
రూపాయి బిళ్ల కూడా పట్టదు,
అప్పుడిక వీధి తలుపు బిగుసుకుపోతుంది.
ఊరంతా నారుమళ్లకోసం కాలవకేసి చూస్తుంటే
నేను తలుపు గడియకోసం చూస్తాను.

పెన్సిలుతో తారీకులు వేస్తాను గోడమీద.
త్రిమూర్తులు లప్పం పూసి చెరిపేస్తాడు.
ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసొచ్చి,
చల్లటి చేతుల్తో పూసి,
"బీట గోడలో లేదే, నీ బుర్రలో ఉంది" అన్నాడొకసారి.
ఆ మాటకి లప్పం లేదు.

పక్కింటి భాగ్యవతి గోడకి మూడు కేలండర్లు,
మూడూ ఒకే ఏడాదివి.
"గట్టిగా అనకొదినా, అమ్ముకుందామన్నా ఎవడూ రాడు"
అంది, గోడమీంచి కరివేపాకు అందిస్తూ.

రాత్రిళ్లు ఫ్యాను ఆపేస్తాను, వినపడాలని.
ఒళ్లంతటికీ నిద్రొస్తుంది, చెవికి రాదు.
తలుపు దగ్గర సంచిలో
పాప సర్టిఫికెట్లు, రెండు గాజులు, ఇంటి కాయితాలు.
ఇల్లు పడిపోతే ఇంటి కాయితాలెందుకో
నాకూ తెలీదు.
అప్పు ఇంకా పదకొండేళ్లుంది.
ఇద్దరిలో ఎవరు ముందో, అప్పా, ఇల్లా.

భీమవరం డాక్టరు అడిగాడు, దేనికమ్మా భయం?
గోడకి, అన్నాను.
రాసుకున్నాడు. రాత్రికి అర మాత్ర.
మాత్ర వేసుకుంటే గోడ వినపడదు.
వినపడకపోతే మరీ భయం.

"మీ హాసిని ఎంత నెమ్మదోనండీ,
అడుగుల చప్పుడే రాదు" అని మెచ్చుకుంది టీచరు.
ఇంటికొచ్చి వంటింట్లో నిలబడిపోయాను.
గెంతకు, పరిగెత్తకు, తలుపు దబాల్న వెయ్యకు,
ఎన్నిసార్లన్నానో.
తొమ్మిదేళ్ల పిల్ల
మునికాళ్లమీద బతకడం నేర్చేసుకుంది.

వాయుగుండం పట్టిన మూడోరోజు
తెల్లారుజామున వినపడింది,
పేలాల మూకుట్లో ఆఖరి గింజ పేలినంత చప్పుడు.
ఫ్యాక్టరీకి కరెంటు లేక ఆయనా ఇంట్లోనే ఉన్నాడు.
సెల్లు లైటు వేసి చూశాం.
గాజుమీద వెంట్రుకంత గీత.
వేలితో తడిమాడు. వేలికి ఎర్రగా ఒక చుక్క.
ఆ వేలు నోట్లో పెట్టుకుని
చాలాసేపు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.
ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

సిగ్గేస్తుంది చెప్పడానికి,
ఆ రాత్రే నిద్రపోయాను.
ఇల్లు కూలుతోందని రుజువయ్యాక,
నేను కూలడంలేదని తెలిశాక,
మాత్ర లేకుండా,
ఎనిమిదింటిదాకా.

లేచేసరికి మంచం గది మధ్యలో ఉంది,
నన్ను లేపకుండా నాతోసహా జరిపాడు కాబోలు.
వాన తెరిపిచ్చింది.
వీధిలో పాప తొక్కుడుబిళ్ల ఆడుతోంది,
ఆఖరి గడిలోకి
రెండు కాళ్లతో దబ్బున దూకి
ఇంటికేసి చూసింది,
ఎవరైనా అరుస్తారేమోనని.