ఎంతుంది?

మైకు నా చేతికిచ్చీసి రెండు ముక్కలు చెప్పమన్నారు.
గుణుపురం ఆసుపత్రి ముందర షామియానా.
మే నెల ఉక్కకి బంతిపూలు సైతం వాలిపోతన్నాయి.
పెద్దలంతా ఒడియాలో చెప్పేరు, బాగానే చెప్పేరు.
సేవ అన్నారు, త్యాగం అన్నారు, తల్లి అన్నారు.
ఆ మాటలు ఏ దండకైనా గుచ్చుకోవచ్చు.
నాను జనరేటరు మనిషిని.
నాకు తెలిసిన మార్తా దీదీ వేరు.

రోజూ సాయంత్రం ఆరింటికి షెడ్డు కాడికి ఒచ్చి
"కూర్మారావూ, ఎంతుంది?" అంటాది.
డీజిలు.
పద్దెనిమిదేళ్లుగా అదే మాట.
ఆదివారం చర్చి నుంచొచ్చీ అడిగింది,
మొగుణ్ణి పాతిపెట్టిన నాలుగోరోజూ
యూనిఫారం మడత నలక్కుండా ఒచ్చి అడిగింది.
ఒకసారి అబద్ధమాడేను, నిండుగా ఉందని.
కర్ర ముంచి చూసింది. ఏటీ అన్లేదు.
ఆ తడి కర్రని గోడకి ఆనించి ఎళ్లిపోయింది.
అదిప్పటికీ అక్కడే ఉంది. నాను తియ్యలేదు.

మూడేళ్ల కిందట శ్రావణంలో
వంశధార ఎర్రగా పొంగి గుడారి రోడ్డు తెగిపోయింది.
కొండమీద సవర ఊళ్లలో వాంతులు, విరేచనాలు.
డోలీల్లో, నులక మంచాలమీద, మనుషుల ఈపులమీద
ఒక్క రాత్రికి నలభైముగ్గురు.
మాకున్న మంచాలు పన్నెండు.
కొత్తగా ఒచ్చిన డాక్టరు బాబు గుమ్మంలో నిలబడి
తన చేతులు తనే చూసుకుంటన్నాడు.
ఆ చేతుల్లో గంజి గ్లాసు పెట్టి దీదీ
"తాగండి సార్. తాగి, ఆ మూల నుంచి మొదలెట్టండి" అంది.
అరవలేదు. దీదీ అరవగా నానెప్పుడూ ఇన్లేదు.
సుద్దముక్కతో నేలమీద గడులు గీసింది,
గడికో మనిషి, మనిషికో అంకె.
కిటికీకీ కిటికీకీ మధ్యన
నా బట్టలారేసుకునే తాడు కట్టించి
సెలైన్లు ఏలాడదీసింది,
పందిట్లో ఆనపకాయల్లాగ.
ఏడుస్తన్న చిన్న నర్సుల్ని వంతులేసి
గంటన్నరేసి పడుకోబెట్టింది.
తన వంతు ఎక్కడా రాసుకోలేదు.
నన్నొక సీసా కింద నిలబెట్టి
"చుక్కలు లెక్కెట్టు. తగ్గితే పిలు. ఆగితే పరిగెట్టు" అంది.
చెవుల్లో ఇంజను, కళ్లల్లో చుక్క.
రెండో తరగతి తప్పినోణ్ణి,
ఆ రాత్రికి చదువుకున్నోణ్ణి.

తెల్లారగట్ల ఒక పిల్ల పోయింది.
గుమస్తా రిజిస్టర్లో "ఆడ, రెండేళ్లు" అని రాసీసి
పేజీ తిప్పబోయేడు.
దీదీ పెన్ను పుచ్చుకుని
ఆ తల్లి పక్కన నేలమీద కూచుంది.
సవర మాటల్లో ఏదో అడిగింది. మళ్లీ అడిగింది.
చాలాసేపటికి తల్లి నోరు తెరిచింది.
సొంబారి.
దీదీ రాసింది. ఒత్తి రాసింది,
కింద మూడు కాగితాలకి అచ్చు దిగేలా.
లేచి, కాళ్లీడ్చుకుంటూ నా కాడికొచ్చింది.
"ఎంతుంది?"
"నాలుగు లీటర్లు దీదీ."
ఏదో మింగినట్టు ఆగి,
"ఫ్యాన్లు కట్టీ. లైట్లు ఉంచు" అంది.

తక్కినోళ్లలో ఇద్దర్ని బరంపురం పంపేరు,
నలభైమంది తమ కాళ్లమీద ఎళ్లేరు.
ఆ నలభై లెక్క ఇందాక మైకులో చెప్పేరు,
చప్పట్లు పడ్డాయి.
దీదీ తలొంచుకుని
శాలువా అంచున ఒక దారం లాగుతూ కూచుంది.
ఆవిడ లెక్క ఆ నలభై కాడ మొదలవదని
నాకు తెలుసు.

ఇదంతా చెప్పాలనే లేచేను.
మైకు కుయ్యిమంది. నోరెండిపోయింది.
వేదికమీదున్న దీదీ కేసి తిరిగి, తెలుగులోనే,
"ఇరవైరెండు లీటర్లుంది దీదీ" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు.
కలెక్టరాఫీసాయన పక్కాయన చెవిలో ఏదో అడిగేడు.
దీదీ మాత్రం నవ్వీసింది.
నవ్వుతూనే, జనం తలల మీంచి
షెడ్డు కేసి ఒక్క చూపు చూసింది,
నిజంగా ఉందా అని.