హాజరు

ఆరున్నరకి చాపెల్ గంట.
తడిజుట్టు ఇంకా తువ్వాలులోనే.
గాలి మిర్చియార్డు వైపు నుంచి తిరిగిందంటే
ప్రార్థన మధ్యలో మా వరసంతా తుమ్ములు.
గుంటూరులో దేవుడు కూడా
కొంచెం కళ్లు నులుముకునే వింటాడు.

మా ఊరి గుడిలో కీబోర్డు లేదు.
రేకుల షెడ్డు, ఒక కంజిర,
పాట జారితే మోకాలి మీద కొట్టి
దారిలో పెట్టే మా చిన్నమ్మ.
ఇక్కడ పాట పుస్తకంలోంచి వస్తుంది.
మొదటేడంతా పెదాలు మాత్రమే కదిపాను.

చాపెల్ రిజిస్టర్లో నేను తబిత.
స్కాలర్‌షిప్ ఫారంలో కోటేశ్వరి.
ఆ కాగితం లేకపోతే ఈ బెంచీ లేదు.
ఫైలు అందించే అటెండర్ ఏసోబు
ఏ పేరుకీ తలెత్తడు.
వాళ్లబ్బాయికీ రెండున్నాయి.

రంజాన్ నెలలో
నా రూమ్మేట్ షంషాద్ మూడున్నరకి లేవాలని
వార్డెనమ్మ మెస్సు తాళంచెవి
ముందురాత్రే మా గూట్లో పెట్టి పోయేది.
మూడేళ్లలో ఆవిడ చదివి వినిపించిన వాక్యాలు
ఎన్నో.
నాకు గుర్తున్నది ఆ తాళంచెవి,
దానికి కట్టిన ఎర్ర రిబ్బన్ ముక్క.

నిన్న ఆఖరి చాపెల్.
రెండో చరణంలో కరెంటు పోయింది.
కీబోర్డు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి,
పాట గాల్లో వేలాడింది.
నా చెయ్యి ఎప్పుడు మోకాలి మీద పడిందో
నాకే తెలీదు.
వెనక బెంచీలో ఇంకో చెయ్యి కలిసింది.
తర్వాత ఇంకోటి.

"ఎవరమ్మా అది?" అన్నారు థియోఫిలస్ సారు.
లేవలేదు.
లేస్తే తాళం తప్పుతుంది.