తరుగు

ఎనుమాముల మార్కెట్ల కాంటా కాడ
పొద్దంత అంకెలు రాసేటోన్ని నేను.
బస్తా ఎంత, గోనె ఎంత, తరుగెంత.
మిర్చి సీజన్ల నా పెన్ను గూడ తుమ్ముతది.

ఇయ్యాల కాంటా మీద నా కారే ఉన్నది,
కిస్తీలు తీరని సెకండ్‌హ్యాండ్ టర్బో.
ఆటోనగర్ చివర రేకుల షెడ్డు,
నేలల రెండు ఇనుప రోలర్లు,
వాటి మీద ముందు చక్రాలు.
వేములాడల కోడెను కట్టినట్టు
నాలుగు దిక్కుల పట్టీలు బిగిచ్చిండు యాకూబ్.

"కంపెనీ నూట పద్దెనిమిదంటది.
అది ఇంజన్ కాడి లెక్క.
గేరుబాక్సు తింటది, షాఫ్టు తింటది, టైరు తింటది.
చక్రానికొచ్చిందే నీది."

మొదటి పరుగు: నూట ఒకటి.
పదిహేడు తరుగు.
నవ్వొచ్చింది, ఆపుకున్న.
తేమ ఉన్నదనడానికి ఇది పత్తి గూడ కాదాయె.

ఫిల్టర్ తీసి దులిపితే ఎర్రటి దుమ్ము.
ముగ్గురం తుమ్మినం.
"తేజ రకం," అన్నది రోజ్‌లీన్,
ల్యాప్‌టాప్ మీదికెల్లి తల లేపకుంటనే.
ఫాతిమానగర్ పిల్ల. గాలెంత, పెట్రోలెంత,
నిప్పురవ్వ ఎప్పుడు పడాలె, అన్నీ ఆమె వేళ్ల కింద.

ఇడిచిన ఊపిరిని టర్బో పారెయ్యదు.
బయటికి పోయే పొగను దారిల పట్టి
అరచేతంత చక్రం తిప్పిచ్చుకుంటది,
కొత్త గాలిని కుక్కి కుక్కి లోపలికి పంపుతది.
ఈ సంగతి చెప్పేటప్పుడు యాకూబ్ ముఖం
బిడ్డ తెలివి చెప్పుకునే తల్లి ముఖమైతది.

నాలుగో గేరు. పెడల్ నేల దాక.
ముల్లు నూట అరవై మీద.
ములుగు దాటి, తాడ్వాయి అడవి దాటి
గోదారొడ్డుకు చేరేటంత పరుగు,
కారు జానెడు గూడ కదలలే.
మూలకు చాయ్ గ్లాసుల మాత్రం అలలు.

యాకూబ్ తెర దిక్కు చూడడు.
ఇంజన్‌కు బిగిచ్చిన రాగి గొట్టం,
దానికి రబ్బరు పైపు, చెవులకు డిప్పలు.
కొత్తవాడల జంపఖానల మగ్గాల నడుమ పెరిగిన చెవులవి.
పది మగ్గాల మోతల ఏది పోగు తెంపిందో
పండుకున్న కాడికెల్లే చెప్పెటోడంట.

నూట పద్నాలుగు.
నూట ఇరవై ఆరు.
నూట ముప్పై ఆరు! రోజ్‌లీన్ చప్పట్లు కొట్టబోయింది,
యాకూబ్ చెయ్యి లేపిండు.

నాకేం వినపడలే.
డిప్పలు తీసి నా చెవులకు పెట్టిండు. మళ్ల పరుగు.
అంత పెద్ద అరుపు అడుగున
రేకు డబ్బల రెండు మూడు చింతగింజలు.
అంతే.

"గదే పిస్టన్ల చావు.
ఇయ్యాల సుట్టంగ వచ్చింది. మే నెలల ఇంటి మనిషైతది.
ఇప్పుడు మాఘమాసం, రాత్రి, గాలి సల్లగున్నది.
నలభై ఆరు డిగ్రీల ఎండల
కాజీపేట బ్రిడ్జి ఎక్కంగ నువ్వు తొక్కుతవు.
అప్పుడు నేనుండ నీ పక్కన.
ఆ ఎండకు ఇవ్వాల్సింది ఇప్పుడే ఇడిచిపెట్టాలె."

రెండు డిగ్రీలు ఎనుకకు.
నూట ఇరవై ఎనిమిది.

బేరమాడిన. అలవాటు.
"కాగితం మీదన్న ముప్పై అని రాయరాదే?"
"కాగితం మీద ఎంతయినా రాయొచ్చు,
నీకు తెల్వదా?"
మామూలుగనే అన్నడు, పట్టీలు ఇప్పుకుంట.

వచ్చేటప్పుడు కారు ఎట్ల ఉరికిందో చెప్పను.
హంటర్ రోడ్డు మీద రెండు నిమిషాలు
నాకు నలభై ఏండ్లు లేవు.

తెల్లారి కాంటా మీద తొలి బస్తా.
పర్వతగిరి రైతు ఎల్లస్వామి.
నలభై రెండు కిలోల మూడు వందలు.
"తరుగు రాయ్," అన్నడు సేటు ఫోన్ల మాట్లాడుకుంటనే.

బస్తాల చెయ్యి పెట్టి ఓ కాయ తీసి
చెవి కాడ ఊపిన.
లోపల గింజలు గలగల,
రేకు డబ్బల రాలినట్టే.
నిండ ఎండిన కాయ.

సేటు మళ్ల అన్నడు, రాయ్.
ఎల్లస్వామి నా దిక్కు చూడలే.
కాంటా ముల్లు ఇంకా కొంచెం ఊగుతున్నది,
దాన్నే చూస్తున్నడు.