చెవి తీసిన రేడియో

సఖినేటిపల్లి రేవులో పంటెక్కించి
రెండు కొబ్బరి గోతాల నడుమ నిలబెట్టి
మాధవాయిపాలెంలో దింపి, ఆటోలో నా కొట్టుకి తెచ్చింది.
నడుమెత్తు రేడియో. టేకు పెట్టె.
అడుగునుంచి జానెడు పైన
ఎప్పటి ఉప్పెనదో, నీళ్లు నిలబడి వెళ్లిన గీత.
పాతసామాను కొట్లో పన్నెండొందలంట.

"స్టేషన్లు అక్కర్లేదండి బాబాయిగారూ.
గిటారు పెడితే పలకాలి.
గట్టిగా మీటితే గొంతు చిరగాలి."
పేరు బ్యూలా. చర్చిలో వాయిస్తుందంట.
ఎడమచేతి వేళ్ల కొసలు
వలలల్లేవాళ్లకి మల్లే కాయలు కాసి ఉన్నాయి.

చిరగాలా!
నలభై రెండేళ్లుగా ఈ బల్ల మీద
చిరిగిన గొంతులకి మాట్లు వేసుకుని బతికినవాణ్ణి.
ఆదివారం నాటకంలో
ఏడుపు ఏడుపులాగే వినపడాలని
శనివారం రాత్రంతా మేలుకున్నవాణ్ణి.

ఆయ్, చేద్దామన్నాను. ఎందుకన్నానో తెలీదు.

వెనక అట్ట విప్పితే ముందు బల్లిగుడ్లు,
తర్వాత మైనం వాసన.

ప్లగ్గు పీకినా కరెంటు వెంటనే పోదమ్మా,
పెద్ద కెపాసిటర్లో కాళ్లు ముడుచుకుని కూర్చునుంటుంది
మూడొందల ఓల్టులు.
ఎడమచెయ్యి లుంగీ మడతలో దాచుకుని
కుడిచేత్తోనే దాన్ని పలకరించాలి.
మా గురువు ఖాదర్‌గారు నేర్పిన మర్యాద.
ఆయన ఒక్కసారి మర్చిపోయారు.

కారిపోయిన కెపాసిటర్లు కత్తిరించి పడేశాను.
గ్యాంగు కండెన్సరు దగ్గరికొచ్చేసరికి
స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది.
రేకుల మధ్య రేకులు, చేప మొప్పల్లా.
రేడియోకి చెవి అదే.
చెవి తీసేసి గొంతు ఒక్కటే ఉంచడం:
అలాంటి మనుషుల్ని చాలామందిని చూశాను గానీ
నా చేత్తో ఒకదాన్ని తయారుచెయ్యడం ఇదే.

డయలు అద్దం ఉంచమంది.
సిలోను, ఢిల్లీ, కాబూలు, లండను,
బల్బు వెలిగితే ఊళ్లన్నీ పసుపు.
ఏ కంపెనీ రేడియో మీదా
నర్సాపురం అని చూళ్లేదు నేను.
పచ్చకన్నూ ఉంచమంది. ఉంచాను.

మూడోరోజు స్విచ్చి వేశాం.
వాల్వులు ఎర్రబడ్డానికి అరనిమిషం.
అప్పటికే మిక్సీ పట్టుకుని ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడు.
ముందు రొద:
లోసరి చెరువుల్లో రొయ్యల కోసం
తెల్లార్లూ తిరిగే ఏరేటర్ల రొద.

రాగి కడ్డీ తెచ్చి గడప పక్కన దిగేశాను.
ఇక్కడ ఎక్కడ గుచ్చినా రెండడుగుల్లో తడే,
ఇళ్లు కుంగుతాయి, గోడలు ఉబ్బుతాయి
గానీ ఎర్తుకి ఇంత మంచి నేల లేదు.
గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు
రొద బయటే ఉండిపోయింది.

బ్యూలా తీగ గుచ్చింది.
వేళ్లింకా తంతుల మీద పెట్టనే లేదు

"...తీరం వెంబడి గంటకు నలభై ఐదు...
మత్స్యకారులు వేటకు..."

ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం.
చెవి అక్కడ బిస్కట్ల డబ్బాలో ఉంది, చూస్తూనే ఉన్నాను.
మరి ఇదెక్కణ్ణుంచి వింది?
గిటారు వైరే ఏరియలయ్యింది, అంతే.
అంతేనని నాకు తెలుసు.
తెలిసినా చేతుల మీద రోమాలు లేచాయి.

"ఉండనిద్దామా?" అన్నాను.
"పాట మధ్యలో తుపానొస్తే ఎలాగండి" అని నవ్వింది.
పనన్నాక పనే.
అరవై ఎనిమిది కె రెసిస్టరొకటి గ్రిడ్డు ముందు అతికాను.
గొంతు మాట మధ్యలో ఆగిపోయింది.
వేటకు వెళ్లమన్నాడో వద్దన్నాడో!

అప్పుడు మీటింది.
ముందు మెల్లగా. తర్వాత,
తర్వాత పచ్చకన్ను పూర్తిగా మూసుకుపోయేంత గట్టిగా.
టేకు పెట్టె వణికి
ఉప్పెన గీత దగ్గర్నుంచి సన్నగా మట్టి రాలింది.
చిరిగింది గొంతు. నిలువునా.
కుట్టాలనిపించలేదు నాకు.

మిక్సీ ఆయన మిక్సీ కింద పెట్టేసి
లోపలికి తొంగి చూశాడు.
"ఇదే స్టేషనండీ?"

"నర్సాపురమండి" అన్నాను.
ఆయన తలూపి, జారు తిరగట్లేదన్నాడు.