కార్పెట్ కింద

కాలు పెడితే పచ్‌మంది.
ఏసీ నీళ్ళేలే అనుకున్నాను.
రెండు రోజులు అద్దాలు దించి
మొగల్రాజపురం కొండ పక్కన ఎండలో ఉంచాను.
మూడో రోజు తలుపు తీస్తే
మూతపెట్టి మరిచిపోయిన పప్పుగిన్నె వాసన.

ఆటోనగర్‌లో నాగుల్ మీరా
తల లోపలికి పెట్టి ఒక్కసారి పీల్చి
"సీట్లు ఊడదియ్యాల మేడం" అన్నాడు,
పన్ను పీకాలన్నంత తేలిగ్గా.

పద్నాలుగో నంబరు స్పానరు. సీటుకి నాలుగు బోల్టులు.
ముందు సీటు బయటికొచ్చి
టైర్ల కొట్టు ఎదురుగా మట్టిలో కూర్చుంది,
పెళ్ళివారు తీసుకెళ్ళడం మరిచిపోయిన పెద్దమనిషిలా.
టీ తెచ్చిన కుర్రాడు అందులో ఎక్కి
లేని స్టీరింగు కాసేపు తిప్పాడు.

పక్క తడిపిన పిల్లాణ్ణి నిద్ర చెడకుండా లేపినట్టు
అంచులు పట్టుకుని మెల్లగా కార్పెట్ లేపాడు.
కింద నల్లబడ్డ దూది.
పిండితే బకెట్టు సగం.
ముందద్దం కింది కాలవలో
గానుగాకులు ముద్దకట్టి అడ్డం పడ్డాయి.
"ఇదీ మీ బండి రోగం,"
వేలితో లాగి చూపించాడు.

అయిపోయిందనుకున్నాను.

"ఇది మాత్రం ఇప్పటిది కాదు మేడం."

సీటు పట్టాల సందుల్లో, బోల్టు గుంటల్లో
బూడిదరంగు మట్టి, మైదాపిండంత మెత్తగా.
ఎప్పుడో ఆరి, పగిలి, ఇప్పుడు మళ్ళీ తడిసి.

డాక్టరుగారి బండి అని అమ్మాడు.
ఆసుపత్రికీ ఇంటికీ తప్ప ఎక్కడికీ తిరగలేదన్నాడు.
నిజమే.
నీళ్ళే దాని దగ్గరికి వెళ్ళాయి.

వేళ్ళ మధ్య నలిపి చూశాను.
ఎవర్నీ అడగక్కర్లేదు.
సింగ్‌నగర్ ఇంట్లో
కుట్టుమిషను సొరుగులో, బీరువా కింది అరలో,
పెళ్ళి ఆల్బంలో ఫొటోకీ ఫొటోకీ మధ్య
కడిగినకొద్దీ వచ్చింది ఇదే.
బుడమేరు మట్టి.

అద్దె నాలుగువేలు ఎక్కువైనా
ఎత్తుగా ఉందని కొండ పక్కకి మారాం.
అది మా వెనకాలే వచ్చింది,
ఈఎంఐ మీద.

"నంబరుందా ఆయనది? గట్టిగా అడుగుదాం," అన్నాడు మీరా.
ఉంది.
తెరిచి, పేరు చూసి, ఫోను బ్యాగులో వేసుకున్నాను.
ఆయన గోడమీద కూడా
నడుమెత్తులో ఓ గీత ఉండే ఉంటుంది. సున్నం వేసినా
పైకి తేలే గీత.

దూది రేకుల షెడ్డు మీదికెక్కింది.
కార్పెట్ రేపటికి గానీ ఆరదట.
ఒక్క డ్రైవరు సీటు బిగించుకుని
వట్టి ఇనుము మీద చెప్పుల చప్పుడుతో బయల్దేరాను.

బెంజి సర్కిల్ దగ్గర ఎర్రలైటు.
అద్దం మీద ఒక చినుకు.
నాకు తెలియకుండానే
క్లచ్చి మీద కాలు పైకి లాక్కున్నాను.
బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

వెనక అన్నీ హారన్లు.