మూడు చొక్కాలు

రోహిణి కార్తె.
బెంజి సర్కిల్ దగ్గర తారు మెత్తబడి
చెప్పు అడుగు పట్టి లాగుతోంది.
నేను మూడు తొడుక్కున్నాను:
లోపలొక టీషర్టు, దానిమీద ఇంకోటి,
పైన ఫుల్ హ్యాండ్స్ చొక్కా.
అప్పుడుగానీ భుజానికి భుజంలాంటిది రాదు.

ఇంటర్లో ఎవడో "పుల్లయ్యా" అన్నాడు.
నా పేరు ప్రసన్నపాల్.
వాడికిప్పుడు గుర్తుండదు కూడా.
నాకు మాత్రం హాజరు పిలిచినప్పుడల్లా
నా పేరుకంటే ముందు
అదే వినపడుతుంది.

మణికట్టు చుట్టూ
బొటనవేలూ చిటికెనవేలూ కలిపి చూస్తాను.
రాత్రి కలిశాయి. పొద్దున్నా కలిశాయి.
రోజుకి ఆరు గుడ్లు, డజను అరటిపళ్ళు,
మెస్ బిల్లు ఎగ్గొట్టి కొన్న డబ్బాలో పొడి,
అన్నీ ఎటు పోతున్నాయో.

చదివేది స్టాటిస్టిక్స్.
సగటుకి దూరంగా ఉండటాన్ని విచలనం అంటారని
సార్ బోర్డుమీద రాస్తుంటే
క్లాసంతా నావైపే తిరిగినట్టుంది.
ఎవరూ తిరగలేదట.
హనీఫ్ చెప్పాడు. నమ్మలేదు.

కృష్ణలో దిగి నాలుగేళ్ళు.
పున్నమి ఘాట్లో వాళ్ళు ఈదుతుంటే
చెప్పులకి కాపలా నాది.
అందరి ఫోన్లూ నా ఒళ్ళోనే మోగుతాయి.
"దిగరా" అంటే
"జలుబు" అంటాను, మే నెలలో.

ఇవాళ బందరు రోడ్డుమీద
సిటీబస్సు కడ్డీ పట్టుకునే ఉన్నాను,
కడ్డీయే నన్ను వదిలేసింది.

కళ్ళు తెరిస్తే పెద్దాసుపత్రి.
నర్సమ్మ బొత్తాలు విప్పుతోంది.
ఒకటి తీసింది.
రెండోది తీసింది.
మూడోది చూసి చెయ్యి ఆపింది.
నేను కళ్ళు మూసుకున్నాను,
రావాల్సిన నవ్వుకోసం.

రాలేదు.

"మావాడు తొంభై కేజీలు," అంది
తడిగుడ్డ పిండుతూ,
"వాడూ అంతే. ఇంట్లో కూడా చొక్కా విప్పడు."
ఇంకేదో చెప్పబోయి
పక్క మంచం పిలిస్తే వెళ్ళిపోయింది.

సాయంత్రం చీటీమీద గది నంబరు రాసిచ్చింది.
మనసు డాక్టరమ్మ, మంగళవారం, శుక్రవారం.
"పిచ్చి కాదు నాయనా. వెళ్ళు."
అంతే.

గేటు దగ్గర నిలబడ్డాను
ఒంటిమీద ఒక్కటే చొక్కాతో.
గాలి ఎక్కడెక్కడో తగులుతోంది,
అక్కడ నేనున్నానని మర్చిపోయిన చోట్ల.
ఎదురుగా టీకొట్టు నిండా జనం.
రెండోది సంచిలోంచి తీశాను.
లోపల పెట్టాను.
మళ్ళీ తీశాను.

ఆటో హారన్ కొడుతున్నాడు.
ఏ వారం ఇవాళ?
చొక్కా ఇంకా చేతిలోనే ఉంది.