తరుగు

నక్కలగుట్టల, మెట్ల కింద నా డీటీపీ దుకాణం.
రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు,
పేజీకి నలభై రూపాయలు.

మొన్న శనివారం షట్టరు సగం దించమన్నరు.
చిట్టీల సదానందం, ఆయన అల్లుడు,
బెంగుళూరు నుంచి వచ్చిన పలుచటి పిలగాడొకడు,
మెడల బ్యాగు, నోట్ల లెక్కలు.
"తెలుగుల కొట్టాలె శోభా.
మావోళ్లను పెట్టుబడి అడగాలంటే ఇంగ్లీషు నడవది."

మొదటి పేజీ, రెడీమేడ్ నమూనా:
బోర్డు మనది, సరుకు వాళ్లది.
చక్రం, పేకలు, లెక్క ఎక్కడనో తయారైతయి,
మన రంగు పూసి పంపుతరు.
పేరు 'తోరణం' అయితే మంచిగుంటదన్నడు అల్లుడు,
జనం లోపటికి వచ్చే ద్వారం గదా అని.
ఖిలాల నాలుగు తోరణాల నడుమ
గుడి కూలి ఎన్ని వందలేండ్లో.
నేనేం అనలే.

రెండో పేజీ, తాళంచెవి నమూనా:
ఒక్కసారి కొంటే దుకాణం మొత్తం మనదే,
కేసైతే కేసు గూడ మనదే.
ఆ లైను వద్దన్నరు.
కొట్టిన అక్షరాలు ఒక్కొక్కటే వెనక్కి తిన్న.

మూడోది, సొంతంగ చేసుకునుడు.
మూడు కోట్లు, పద్దెనిమిది నెలలు.
సదానందం ఆవులించిండు.

"మన దగ్గర బందే గదా ఇది?"
"ఆడేటోడు ఈడ ఉంటడు అక్కా,
ఆట ఆడ ఉంటది."

నాలుగో పేజీల నా వేళ్లు ఆగినయి.
ఏజెంటు కమీషను:
తను తెచ్చిన మనిషి పోగొట్టుకున్నదాంట్ల
నూటికి ముప్పై.
"మరి ఆ మనిషి గెలిస్తే?"
"ఆ నెల ఏజెంటుకు మైనస్.
ఎవడు ఎట్ల ఆడినా
నూటికి నాలుగు కంపెనీకి మిగుల్తనే ఉంటది.
దానికి తెలుగు మాట ఏముంది?"

నాకు తెలుసు ఆ మాట.
మా నాయిన ఓదెలు ఎనుమాముల మార్కెట్ల దడ్వాయి.
ఫిబ్రవరి నుంచి మే దాకా
మా ఇంట్ల మంచినీళ్లు గూడ మిర్చి ఘాటే.
బస్తా కాంటా మీద పడంగనే గొంతెత్తి చదివేటోడు:
నలభై ఒకటీ ముప్పావు!
అడ్తిదారు రాసుకునేది నలభై.
నడుమ పోయినదాని పేరు తరుగు.
మట్టికింత, తేమకింత, గోనెకింత,
దేవుని పేరు మీద ఇంకింత.
రైతు తుమ్ముకుంట నిలబడి చూసేటోడు.
ఏం చేయకపోయినా చూసేటోడు.
ముల్లు కండ్ల ముందట ఉండె,
తిట్టనీకె ఒక మనిషి మొఖం ఉండె.
ఆ తిట్లు ఇంటికి తెచ్చి
నాయిన కాళ్లతో పాటు కడుక్కునేటోడు.

'తరుగు' అని కొట్టిన.
"అబ్బ, జనానికి అలవాటైన మాట!"
సదానందం నా కుర్చీ వెనక తట్టిండు.

ఎనిమిదో పేజీ:
ఒక్కో కస్టమరు ఆయుష్షు పదకొండు నెలలు.
ఆయుష్షు అన్నది నా మాట గాదు, వాళ్లదే.
"తర్వాత?"
"తర్వాత యాప్ తీసేస్తడు."
అంతే కొట్టిన. ఇంకేం కొట్టలే.

ఆఖరుకు జాబితా.
పాత చిట్టీల మెంబర్లు, ఎనిమిది వేల పేర్లు, ఫోన్లతోని.
"నెలనెల కట్టుడు తెలిసినోళ్లు" అన్నడు సదానందం,
పెంపుడు కోళ్లను చూసినట్టు చూసుకుంట.
ఒక్క మెసేజు పంపి చూద్దామని
అల్లుడు వేలు నొక్కిండు.

నా సంచిల ఫోను గుర్రుమన్నది.

పన్నెండు పేజీలకు నాలుగు వందల ఎనభై.
అయిదు వందలిచ్చి చిల్లర ఉంచుకోమన్నరు.
లెక్క చూస్తే అది గూడ
నూటికి నాలుగే.
పెన్‌డ్రైవు రేపు తీసుకపోతమన్నరు.

షట్టరు మొత్తం దించినంక ఫోను తీసిన.
నాయిన సిమ్ము. ఆయన పోయి మూడేండ్లు,
నేనే వాడుతున్న.
'ఓదెలు గారూ, మీ ఖాతాలో అయిదు వందల బోనస్.
తోరణం మీ కోసం తెరిచే ఉంది.'

ఫైలు తెరిచి వెతికిన.
రెండు వేల మూడు వందల పద్నాలుగో వరుస.
ఈ కొస నుంచి ఆ కొస దాకా రంగు పరిచి
తీసేసిన.

కిందున్న కన్నూరి లచ్చవ్వ, గీసుగొండ,
ఒక మెట్టు పైకి జరిగి
నాయిన జాగల నిలబడ్డది.